జమా-ఖర్చు : అమ్మకు కూడా చెప్పని నొప్పి



పోయిన సంచికలో బ్యాంకు లాకరుకు నామినేషను ఎందుకు ఉండాలో రాశాను. ఈసారి పెన్షను ఖాతాల సంగతి రాస్తానని మాట కూడా ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నందుకు మన్నించాలి. ఈ మూడు నెలల్లో మా ఇంట్లో ఒక పురుడు జరిగింది. దానితోపాటు ఒక పాత లెక్క కూడా బయటపడింది. ముందు అది రాసి తీరాలనిపించింది.

ఇది భోజనాల దగ్గర చదివే విషయం కాదని ముందే చెబుతున్నాను. అయినా చదవండి. మగవాళ్ళు పేజీ తిప్పేయకుండా చదవండి.

మా అమ్మాయి ఏడో నెలలో బెంగుళూరు నుంచి బరంపురానికి పురిటికి వచ్చింది. మామూలు కాన్పే. మగపిల్లవాడు. రెండు కుట్లు పడ్డాయి. ఎనభై రెండేళ్ళ మా అత్తగారు మునిమనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని మురిసిపోయారు. అంతా సవ్యంగానే ఉందనుకున్నాం.

పది రోజులు గడిచేసరికి నా కంటికి రెండు సంగతులు ఆనాయి. పిల్ల కంచంలో సగం అన్నం వదిలేస్తోంది. బాత్‌రూం నుంచి వస్తే కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. "ఏమ్మా?" అంటే "ఏం లేదమ్మా, కుట్ల నొప్పి" అనేది. ఒకనాటి రాత్రి రెండు గంటలకు పిల్లవాడు ఏడుస్తుంటే లేచి వెళ్ళాను. అది మంచం మీద ఒక పక్కకు ఒరిగి, చెమటలు కక్కుతూ పాలిస్తోంది. నన్ను చూసి, "అమ్మా, రేపటి నుంచి డబ్బాపాలు పట్టేద్దాం. నేను మందు వాడాలి. వాడితే పాలివ్వకూడదు కదా" అంది.

"ఏం మందే?" అన్నాను. అప్పుడు ఏడుస్తూ చెప్పింది. ఎనిమిదో నెల నుంచే ఉందట. విరేచనానికి వెళితే గాజుపెంకు పెట్టి కోసినట్టు నొప్పి, ఆ తరువాత గంటసేపు మంట. "అందుకే తినడం తగ్గించానమ్మా. తింటే వెళ్ళాలి కదా" అంది.

నేను మంచం మీద కూలబడ్డాను. ఎందుకంటే ఆ మాట నేను 1997లో నాలో నేను అనుకున్న మాట.

అప్పుడు ఇదే పిల్ల నా ఒళ్ళో ఉంది. మూడో నెల నిండగానే డ్యూటీలో చేరాను. క్యాషు కౌంటరులో కూర్చోలేక నిలబడి నోట్లు లెక్కపెట్టేదాన్ని. "బాలింత అయినా ఎంత చురుకో చూడండి" అని మేనేజరుగారు నలుగురి ముందూ మెచ్చుకునేవారు. నా బాధ మా అమ్మకు చెప్పలేదు, అత్తగారికి చెప్పలేదు, మా వారికి అసలే చెప్పలేదు. మొలలకు గ్యారంటీ వైద్యం అని బోర్డు పెట్టుకున్న ఒకాయన దగ్గరకు సాయంత్రం చీకటి పడ్డాక, కొంగు కప్పుకుని వెళ్ళాను. ఆయన పరీక్ష చేయలేదు. పొట్లాలు ఇచ్చి, "పిల్లకు పాలు మాన్పించెయ్" అన్నాడు. మాన్పించాను. ఆ పొట్లాలకు మూడు రోజులు నీళ్ళ విరేచనాలై, నొప్పి రెట్టింపయింది. ఎనిమిది నెలలు అలా లాగాక ఒక లేడీ డాక్టరుగారి ఎదుట నోరు విప్పాను. రెండు నెలల్లో తగ్గింది. ఆవిడ, "దీనికి పాలు మాన్పించాల్సిన అవసరమే లేదమ్మా" అన్నారు. ఆ మాట ఇన్నేళ్ళూ నా ఖాతాలో తీరని బాకీగా ఉండిపోయింది.

ఈసారి తెల్లవారగానే అమ్మాయిని డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాను. నేను బి.కాం. చదివినదాన్ని, వైద్యం తెలియదు. ఆవిడ చెప్పింది నోటుబుక్కులో రాసుకున్నాను. ఈ వ్యాసం కూడా ఆవిడకు చూపించి, దిద్దించుకున్నాకే పంపుతున్నాను.

అసలు ఏమిటిది?

ఆసనం దగ్గర ఏ బాధ వచ్చినా మనం మొలలు అనేస్తాం. రెండూ వేరు. మొలలంటే ఉబ్బిన రక్తనాళాలు. లోపలి మొలలు రక్తం కారుస్తాయి గాని సాధారణంగా నొప్పి పెట్టవు. మా అమ్మాయికి వచ్చింది ఫిషర్. మలద్వారం లోపలి సున్నితమైన పొర చిట్లి ఏర్పడే చిన్న చీలిక ఇది. ఎర్రటి రక్తం ఒక చారలా కనిపిస్తుంది. రక్తం కొంచెమే, నొప్పి మాత్రం ప్రాణం తోడేస్తుంది.

చిన్న చీలికే అయినా ఎందుకు మానదంటే, నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటుంది. బిగుసుకుంటే అక్కడికి రక్తం సరిగా అందదు. రక్తం అందని గాయం మానదు. నొప్పికి భయపడి మనం ఆపుకుంటాం. ఆపుకున్నకొద్దీ మలం గట్టిపడి, మళ్ళీ అదే చోట చీలుస్తుంది. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇది చక్రవడ్డీ. మొదటి వారంలో కట్టేస్తే చిన్న బాకీ, దాచిపెట్టినకొద్దీ అసలును మించిపోతుంది.

గర్భిణులకూ బాలింతలకూ ఇది ఎక్కువగా రావడానికి కారణాలున్నాయి. గర్భంలో పెరిగే హార్మోను పేగుల కదలికను మందగింపజేస్తుంది. పెరిగే గర్భసంచి కింద ఒత్తుతుంది. వేవిళ్ళతో నీళ్ళు సరిగా తాగలేరు. ఐరను మాత్రలు కొందరికి మలబద్ధకం తెస్తాయి. కాన్పులో ముక్కడం వల్ల చిట్లవచ్చు. ఆ తరువాత కుట్లు తెగుతాయేమోనన్న భయంతో ఆపుకుంటారు. ఇందులో ఆడదాని తప్పు ఏముంది? మన ప్రాచీనులు దీనికి పరికర్తిక అని పేరు పెట్టారు. కత్తిరించినట్టుండే బాధ అని అర్థం. గర్భిణులకు వచ్చే పరికర్తికను గురించి కాశ్యప సంహితలోనే ఉంది. అంతటి గ్రంథంలో రాసిన బాధను మనం తల్లికి కూడా చెప్పకుండా దాచుకుంటున్నాం.

వంటింట్లో మొదలయ్యే వైద్యం

కొత్తగా వచ్చిన ఫిషర్లలో చాలా వరకు ఆపరేషను లేకుండానే కొన్ని వారాల్లో మానిపోతాయట. కావలసిందల్లా మలం మెత్తగా ఉండడం. అందుకు పీచు, నీళ్ళు కావాలి. మా ఇంట్లో చిక్కు అక్కడే వచ్చింది.

మన బాలింత పథ్యం మీకు తెలిసిందే. శొంఠి, వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి, నెయ్యీ అన్నం. ఆకుకూర పెడితే పిల్లవాడికి విరేచనాలవుతాయని, నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట జారిపోతుందని పెద్దల మాట. మా అత్తగారు ఈ విషయంలో హైకోర్టు. నేను భయపడుతూనే వెళ్ళి, "అత్తయ్యా, పిల్లకు కూరలు పెట్టాలట, నీళ్ళు బాగా తాగించాలట" అన్నాను. "మేమంతా ఈ పథ్యంతో బతకలేదా?" అన్నారు. ఉన్న సంగతి చెప్పేశాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "నాకూ వచ్చిందే అమ్మాయ్, మీ ఆయన పుట్టినప్పుడు. చెరువు గట్టున కూర్చుని ఏడ్చేదాన్ని. ఎవరికి చెప్పుకోను?" అన్నారు.

ఒకే ఇంట్లో మూడు తరాల ఆడవాళ్ళం ఒకే బాధ పడ్డాం. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఆ సాయంత్రమే అత్తగారు స్వయంగా ఆనపకాయ పప్పు వండించారు. శొంఠి ఉంచారు, కారం తగ్గించారు. తల్లి కూర తింటే పిల్లవాడికి విరేచనాలు కావని డాక్టరుగారు ఆవిడకు ఫోనులో నచ్చజెప్పారు.

రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. 100 గ్రాముల తెల్లన్నంలో ఒక్క గ్రాము కూడా ఉండదు. అదే బరువు జామపండులో 5 గ్రాములకు తక్కువ ఉండదు. మనం ఉన్న చోటే ఇది దొరుకుతుంది. కర్ణాటకవారికి రాగిముద్ద ఉంది, షోలాపూరువారికి జొన్నరొట్టె ఉంది, తమిళనాడువారికి రకానికొక కీరై ఉంది. మా ఒడిశాలో డాల్మా ఉండనే ఉంది. పప్పులో గుమ్మడి, అరటికాయ, వంకాయ అన్నీ పడతాయి. గర్భిణులకైతే అందులో పచ్చి బొప్పాయి ముక్కలు వేయకండి. పీచు ఒక్కరోజులో పెంచేస్తే కడుపు ఉబ్బుతుంది. వారం పదిరోజుల మీద మెల్లగా పెంచాలి. పాలిచ్చే తల్లి పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు నీళ్ళు తాగడం మంచి అలవాటు. మేము మంచం పక్కనే చెంబు పెట్టాం.

తిండితో సరిపోకపోతే ఇసబ్‌గోల్ పొట్టు ఉంది. ఒకటి రెండు చెంచాలు నిండు గ్లాసు నీళ్ళలో కలిపి, చిక్కబడకముందే తాగి, పైన మరో గ్లాసు నీళ్ళు తాగాలి. పొడిగా మింగకూడదు. ఐరను మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి.

ఐరను అన్నాను గనుక ఇంకో సంగతి. మా అమ్మాయి మలబద్ధకానికి అదే కారణమని మాత్రలు రహస్యంగా మానేసింది. పరీక్ష చేయిస్తే రక్తం తక్కువగా ఉంది. మన దేశంలో గర్భిణికి నాలుగో నెల నుంచి, కాన్పు తరువాత మరో 180 రోజులు ఐరను ఇవ్వాలని ప్రభుత్వ కార్యక్రమమే ఉంది. మాత్ర పడకపోతే డాక్టరు రకం మారుస్తారు, మోతాదు మారుస్తారు. మన అంతట మనం మానకూడదు. ఐరనుకు మలం నల్లబడుతుంది, దానికి కంగారుపడక్కరలేదు.

గోరువెచ్చని నీళ్ళు, ఒక చిన్న పీట

విరేచనం అయ్యాక, ఇంకా రోజుకు రెండు మూడుసార్లు, వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి. బిగుసుకున్న కండరం సడలుతుంది. మోచేయి పెట్టి చూస్తే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. డెట్టాలు, ఉప్పు, పసుపు ఏవీ కలపనక్కరలేదు. కుట్లు పడినవాళ్ళు, ఆపరేషను కాన్పు అయినవాళ్ళు ఎప్పటి నుంచి కూర్చోవచ్చో డాక్టరును అడగాలి. తరువాత మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి గాని తుడవకూడదు.

వెస్టర్న్ కమోడు అయితే పాదాల కింద చిన్న పీట వేసుకుంటే సులువవుతుంది. వెళ్ళాలనిపించినప్పుడు వెంటనే వెళ్ళాలి. ముక్కుతూ కూర్చోకూడదు, ఫోను చూస్తూ అసలే కూర్చోకూడదు. కూర్చుని పాలివ్వడం బాధగా ఉంటే పక్కకు తిరిగి పడుకుని ఇవ్వవచ్చు. ఆ పద్ధతి డాక్టరుగారి దగ్గరున్న నర్సమ్మ చూపించింది. దానితోనే మా పిల్లకు సగం ధైర్యం వచ్చింది.

మందుల సంగతి

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. ఒకరు మందంటే భయపడి పాలు మాన్పిస్తారు, ఇంకొకరు ఏదో ఒకటి కొని రాసేసుకుంటారు.

మలం మెత్తబరచడానికి డాక్టర్లు రాసే లాక్టులోజ్ సిరప్పు పేగుల నుంచి రక్తంలోకి దాదాపుగా చేరదు. మాక్రోగాల్ పొడి కూడా అంతే. అందుకే గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ వీటిని ఇస్తారు. నొప్పికి సాధారణంగా పారాసిటమాల్ రాస్తారు. ఐబుప్రొఫెన్ వంటివి గర్భిణులు తమంతట తాము వేసుకోకూడదు, ముఖ్యంగా 20 వారాలు దాటాక. అవి కడుపులోని బిడ్డ మూత్రపిండాలకు, ఉమ్మనీటికి చేటు చేస్తాయి. కాన్పు తరువాత పాలిచ్చే తల్లికి మాత్రం డాక్టరు ఐబుప్రొఫెన్ ఇవ్వవచ్చు. కోడీన్, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు పాలిచ్చేవాళ్ళు వాడవద్దు. పాల ద్వారా బిడ్డకు మత్తు కలిగిస్తాయి, పైగా మలబద్ధకం పెంచుతాయి.

పైపూత మందుల్లో తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ జెల్లీని డాక్టరు కొద్ది రోజులకు ఇస్తారు. రాసుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కునే బిడ్డను ఎత్తుకోవాలి. కండరాన్ని సడలించే ఆయింట్‌మెంట్లు వేరే ఉన్నాయి. నైట్రోగ్లిజరిన్ ఒకటి, డిల్టియాజెమ్ ఇంకొకటి. ఇవి గుండెకూ రక్తపోటుకూ వాడే మందులే. గర్భిణుల మీద, పాలిచ్చేవాళ్ళ మీద వీటికి తగినంత పరిశీలన లేదు. లాభనష్టాలు బేరీజు వేసి డాక్టరే నిర్ణయించాలి. మా అల్లుడు ఎనిమిదో నెలలో ఫోనులో చూసి, మందుల షాపులో అడిగి ఇలాంటి ట్యూబే తెచ్చిచ్చాడట. రెండు రోజులు రాసుకుంటే తల పగిలిపోయే నొప్పి, కళ్ళు తిరగడం. అది ఆ మందు గుణమని, గర్భిణికి రక్తపోటు అలా పడిపోకూడదని ఇప్పుడు తెలిసి అతను తల పట్టుకున్నాడు. మంచివాడే పాపం. భార్య బాధ చూడలేక చేశాడు.

ఇంటి వైద్యాల్లో ఆముదం గర్భిణికి పట్టకూడదు, నొప్పులు రావచ్చు. సునాముఖి, భేది చూర్ణాలు డాక్టరుకు చెప్పకుండా వాడవద్దు. బోర్డు డాక్టర్ల ఇంజక్షన్లు, దారం కట్టడాలు, కాల్చే మందులు ఏ స్థితిలోనూ వద్దు. నేను ఒకసారి మోసపోయినదాన్ని.

ఆపరేషను చాలా కొద్దిమందికే అవసరమవుతుంది. గర్భంతో ఉండగా సాధారణంగా వాయిదా వేస్తారు. కాన్పు తరువాత కూడా ఆ కండరం ఎలా ఉందో చూసి గాని చేయరు. కాన్పులో అది దెబ్బతిని ఉంటే, కోసినప్పుడు మలం ఆపుకునే శక్తి తగ్గే ప్రమాదం ఉంది.

ఎప్పుడు ఆగకూడదు?

రక్తం ధారగా పడినా, కళ్ళు తిరిగినా, జ్వరం వచ్చినా, చీము గాని గడ్డ గాని కనిపించినా, విరేచనంతో పని లేకుండా రోజంతా సలుపుతున్నా ఆ రోజే వెళ్ళాలి. గర్భిణికి దీనితోపాటు పొత్తికడుపులో నొప్పులొచ్చినా అంతే. కాన్పు తరువాత గ్యాసు, మలం ఆపుకోలేకపోతున్నా సిగ్గుపడకుండా చెప్పాలి, దానికీ వైద్యం ఉంది. ఇవేవీ లేకపోయినా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానకపోతే మళ్ళీ చూపించుకోవాలి. నా వయసువాళ్ళకు రక్తం కనిపిస్తే మొలలే అని సరిపెట్టుకోకుండా తప్పక పరీక్ష చేయించుకోవాలి.

మా అమ్మాయికి మొదటి వారంలోనే భయం తగ్గింది. ఆరో వారానికి నొప్పి పోయింది. ఐరను మళ్ళీ వేసుకుంటోంది. పిల్లవాడికి ఇప్పుడు మూడో నెల. డబ్బా కొనలేదు. తల్లిపాలే తాగుతున్నాడు. నేను 1997లో మాన్పించిన పాలు తిరిగి రావు గాని, ఆ పిల్ల తన బిడ్డకు ఇస్తున్న పాలు చూస్తుంటే పాత బాకీలో కొంత జమ అయినట్టే ఉంది.

పురిటికి వచ్చిన పిల్లను మనం మూడు ప్రశ్నలు అడుగుతాం. తిన్నావా, నిద్రపోయావా, పిల్లవాడు పాలు తాగాడా? ఇకమీదట నాలుగోది కూడా అడగండి. విరేచనం సాఫీగా అవుతోందా, నొప్పేమైనా ఉందా అని. తల్లి అడగండి, అత్తగారు అడగండి, భర్త కూడా అడగండి. గర్భిణిని డాక్టరుకు చూపించే ప్రతిసారీ ఈ మాట కూడా చెప్పించండి. అడిగేవాళ్ళుంటే చెప్పుకోవడం కష్టం కాదు. మా ఇంట్లో అడగడానికి మూడు తరాలు పట్టింది.

వచ్చే సంచికలో తప్పకుండా పెన్షను ఖాతాల సంగతి రాస్తాను. సెలవు.